కోబ్రా కిట్ కారు కట్టడం అయిపోవచ్చింది. కాలిఫోర్నియాలో టైటిల్, ప్లేట్లు ఎలా?

ఫ్రీమాంట్_పానా
షెల్బీ కోబ్రా రెప్లికా కిట్ తెప్పించుకుని ఇంట్లోనే కడుతున్నా. ఫాక్టరీ ఫైవ్ వాళ్ళ మార్క్ 4 రోడ్‌స్టర్. ఛాసిస్, ఫైబర్‌గ్లాస్ బాడీ రెండూ కిట్‌తో వచ్చిన కొత్తవే. ఇంజను విడిగా కొన్న కొత్త ఫోర్డ్ 302. వెనక ఇరుసు, పెడల్ బాక్సు, ఇంకా కొన్ని చిల్లర సామాన్లు ఒక పాత మస్టాంగ్ నుంచి తీసినవి. మొన్న ఇంజను మొదటిసారి స్టార్ట్ అయింది. మా వీధి వీధంతా బయటికి వచ్చి చూశారు. ఆ ఆనందం ఒక రాత్రి ఉంది. తెల్లారేసరికి కాగితాల టెన్షన్ పట్టుకుంది.

ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. పాత మస్టాంగ్ టైటిల్ (యాజమాన్య పత్రం) ఉంది కదా, దాని మీదే తిప్పెయ్యమని ఒకరు. 1965 కోబ్రా అని రాయించు, స్మాగ్ టెస్టు (పొగ తనిఖీ) ఉండదని ఇంకొకరు. ఎస్‌బీ 100 అనే చట్టం కింద మినహాయింపు తీసుకో, వేరే దారి లేదని మూడో మనిషి. ఇక్కడ ఈ పని నిజంగా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, దేని తర్వాత ఏది చెయ్యాలో చెప్పండి.

వీ8_వేణు
ముందు ఫొటో పెట్టు అన్నా, కాగితాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం!

ఓక్‌లాండ్_ఉష
ఏ రంగు? నీలం మీద తెల్ల చారలేనా?

శాక్రమెంటో_శర్మ
మొదటి సలహా ఇచ్చినాయన మాట దయచేసి వినొద్దు. మస్టాంగ్ టైటిల్ మస్టాంగ్ బాడీది, దానికి వేసిన విన్ నంబరుది (కంపెనీ ఒక్కో బండికి ఇచ్చే గుర్తింపు నంబరు). మీరు వాడుకున్నది ఇరుసు, పెడళ్ళు. ఆ బండి విన్ పలక పీకి ఈ ఛాసిస్ మీద బిగిస్తే అది ఫెడరల్ నేరం. అమెరికా చట్టాల కోడ్‌లో 18వ భాగం, 511వ సెక్షన్. ఐదేళ్ళ దాకా జైలు ఉంది. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 10751 కింద నంబరు మార్చిన బండిని పోలీసులు పట్టుకుపోవచ్చు కూడా. ఇంత కష్టపడి కట్టిన కారు యార్డులో తుప్పు పట్టడం చూడలేం.

మీ బండికి చట్టంలో సరైన పేరు ఉంది. స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ వెహికల్, పొట్టిగా స్పెకన్స్ అంటారు. వెహికల్ కోడ్ 580లో దాని నిర్వచనం చూడండి. కంపెనీ కాని మనిషి, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి, కిట్‌తోనో కొత్త పాత భాగాలతోనో కట్టుకున్నది. పాత కారుని పాత రూపానికే బాగు చేసుకుంటే అది ఇందులోకి రాదు. మీది అచ్చంగా ఇదే. ఉన్నది ఉన్నట్టు రాయండి, తలనొప్పులు సగం అక్కడే తగ్గుతాయి.

ఫ్రీమాంట్_పానా
శర్మ గారూ, మరి స్మాగ్? ఇంజను కొత్తది కదా, ఇప్పటి కార్ల లెక్కలో చూస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టినా పాసవదు.

శాక్రమెంటో_శర్మ
ఎస్‌బీ 100 పుట్టిందే అందుకు. 2001లో చేసిన చట్టం. ఏడాదికి 500 బళ్ళకు మాత్రమే ఈ వెసులుబాటు ఇస్తారు. డీఎంవీలో, అంటే రాష్ట్ర వాహనాల శాఖలో, రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, ఆ 500లో ఒక వరుస నంబరు తీసుకోవాలి. లెక్క ప్రతి జనవరిలో కొత్తగా మొదలవుతుంది.

తర్వాత బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ రిఫరీ, అంటే ఇలాంటి ప్రత్యేక బళ్ళ ఉద్గారాలు చూసే తనిఖీదారు, దగ్గరికి వెళ్ళాలి. చాలాచోట్ల ఈ రిఫరీలు కమ్యూనిటీ కాలేజీల్లో కూర్చుంటారు, మామూలు స్మాగ్ షాపులో జరిగే పని కాదు. అక్కడ మీరు ఒకటి ఎంచుకోవచ్చు. ఇంజను ఏ ఏడాది ఇంజనుని పోలి ఉందో ఆ ఏడాది, లేదా బాడీ ఏ ఏడాది కారుని పోలి ఉందో ఆ ఏడాది. కోబ్రా బాడీకి 1965 అనే తేలుతుంది. దేన్నీ పోలకపోతే 1960 కింద లెక్కేస్తారు. ఆ ఏడాది కారుకి ఏ పరికరాలు ఉండాలో అవే మీకూ ఉండాలి, అంతకు మించి అడగరు. 1975, అంతకు ముందు ఏళ్ళ పెట్రోలు కార్లకు రెండేళ్ళకోసారి చేసే స్మాగ్ టెస్టు ఎలాగూ లేదు.

కొత్త_పిస్టన్
అంటే చివరికి 1965 కారే అయింది కదా? మరి రెండో ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది?

శాక్రమెంటో_శర్మ
చాలా తేడా ఉంది. ఉద్గారాల లెక్క కోసం 1965 అని ప్రభుత్వం ఒప్పుకోవడం వేరు, ఇది 1965లో షెల్బీ కట్టిన కారని మీరు సంతకం పెట్టడం వేరు. మొదటిది చట్టం ఇచ్చిన హక్కు. రెండోది అబద్ధపు ప్రమాణం. టైటిల్ మీద తయారీదారు గడిలో స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్ అనే పడుతుంది, షెల్బీ అని పడదు.

టెక్సాస్_బావ
శర్మ గారితో నాకు ఇక్కడ చిన్న పేచీ. ఈ 500 గోల కాలిఫోర్నియాకే. మా దగ్గర కస్టమ్ వెహికల్ అని ప్లేటు ఉంది. 1948 తర్వాతి మోడల్ అయ్యి కనీసం 25 ఏళ్ళ పాతది, లేదా అలాంటి కారుని పోలేలా కట్టినది అయితే చాలు. 1949కి ముందు మోడల్స్‌కి స్ట్రీట్ రాడ్ అంటారు. బండి భద్రంగా ఉందని మాస్టర్ టెక్నీషియన్ సంతకం పెట్టాలి, రశీదులు చూపించాలి. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకే ఎత్తేశారు. ఆస్టిన్ వచ్చెయ్ పానా, గ్యారేజీ కూడా పెద్దది దొరుకుతుంది.

ఓక్‌లాండ్_ఉష
బావా, కారు ప్లేటు కోసం ఇల్లు మారమంటావా? 😄

టెక్సాస్_బావ
కోబ్రా కోసం మారినా తప్పులేదు ఉషా!

బెల్‌వ్యూ_భాను
వాషింగ్టన్‌లో నా అనుభవం చెప్తాను, పానాకి పనికొస్తుంది. నాది పోర్షే 356 స్పీడ్‌స్టర్ రెప్లికా, ఫోక్స్‌వాగన్ బీటిల్ ఫ్లోర్ పాన్ మీద కట్టినది. ఇక్కడ పాత ఛాసిస్ నిజంగానే బండిలో ఉంది కాబట్టి బీటిల్ టైటిల్‌తోనే మొదలుపెట్టాం. పానా విషయంలో ఛాసిస్ కొత్తది, అందుకే దారి వేరు.

స్టేట్ పెట్రోల్ ఇన్‌స్పెక్షన్‌కి బండిని ట్రైలర్ మీద తీసుకెళ్ళాను. ఆఫీసరు చాపేసుకుని కింద దూరింది. టార్చి, పొడుగు కర్రకు కట్టిన అద్దం. ముందు ఫ్లోర్ పాన్ మీద నంబరు, తర్వాత ఇంజను కేసు మీద నంబరు చూసి కాగితంతో పోల్చుకుంది. ఆ తర్వాత రశీదుల ఫైలు తీసి ఒక్కొక్కటే తిరగేసింది. ఫైబర్‌గ్లాస్ బాడీ ఎవరి దగ్గర కొన్నావు, వాళ్ళ అడ్రసుందా, గేర్‌బాక్సు చేతిరాత రశీదు మీద అమ్మినాయన సంతకమేదీ అని. దొంగ సామాను కాదని ఆమెకు నమ్మకం కలగాలి, అదీ ఆ తనిఖీ. చాలా మర్యాదగా మాట్లాడింది, చివర్లో కారులో కూర్చుని ఫొటో దిగింది.

అన్నట్టు మా రాష్ట్రంలో ఉద్గారాల టెస్టు 2020 నుంచి ఎవరికీ లేదు. పన్ను మాత్రం తప్పదు.

ఫ్రీమాంట్_పానా
భాను గారూ, చేతిరాత రశీదు అనగానే గుండె ఝల్లుమంది. నా మస్టాంగ్ ఇరుసు ఒక జంక్‌యార్డులో కొన్నది. కార్బన్ కాపీ స్లిప్పు మీద "రియర్ యాక్సిల్", ధర, అంతే.

బెల్‌వ్యూ_భాను
పర్లేదు. ఇప్పుడే వెళ్ళి, ఏ కారు నుంచి తీశారో ఆ కారు విన్ నంబరు, యార్డు పేరు, తేదీ ఆ స్లిప్పు మీద రాయించుకో. వాళ్ళ రికార్డులో ఉంటుంది. స్లిప్పు సిరా వెలిసిపోకముందే స్కాన్ చేసి పెట్టుకో.

వీ8_వేణు
ఇదంతా ఎందుకు? 2015లో అమెరికాలో రెప్లికా కార్లకని చట్టం వచ్చింది కదా. 25 ఏళ్ళ పాత కారుని పోలి ఉంటే చాలు, క్రాష్ టెస్టులు అక్కర్లేదని. అది చూపిస్తే సరిపోదా?

శాక్రమెంటో_శర్మ
వేణూ, అది కంపెనీలకు, ఇంట్లో కట్టుకున్నవాళ్ళకి కాదు. ఫాస్ట్ యాక్ట్‌లో భాగంగా 2015 డిసెంబరులో వచ్చిన లో వాల్యూమ్ చట్టం అది. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 5,000కి మించకుండా కార్లు చేసే కంపెనీ, ఏడాదికి 325 రెప్లికాల దాకా పూర్తిగా బిగించి అమ్ముకోవచ్చు. నియమాలు ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయ్యేసరికి 2022 వచ్చింది. ఇంజనుకి ఇప్పటి ఉద్గార ప్రమాణాల సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఇది కొనేవాళ్ళకు మంచి కబురు. పానాకి మాత్రం దారి రాష్ట్ర చట్టమే.

కొత్త_పిస్టన్
నాకు తెలిసినాయన వేరే రాష్ట్రం నుంచి ఆన్‌లైన్‌లో కాగితాలు తెప్పించుకున్నాడు, బండి అక్కడికి పోకుండానే. మూడేళ్ళుగా తిరుగుతున్నాడు, ఎవరూ అడగలేదు.

టెక్సాస్_బావ
వెర్మాంట్ దారి అయ్యుంటుంది. 15 ఏళ్ళు దాటిన బళ్ళకు పోస్టులో రిజిస్ట్రేషన్ ఇచ్చేవాళ్ళు, ఎక్కడివాళ్ళకైనా. 2023లో బయటి రాష్ట్రాలవాళ్ళకు ఆ తలుపు దాదాపు మూసేశారు. ఎవరూ అడగకపోవడం ధైర్యం కాదు తమ్ముడూ. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు. అమ్మబోయే రోజు కొనేవాడు అడుగుతాడు.

మోడరేటర్_మాధవి
కాగితాలు మాయచేసే సర్వీసుల లింకులు ఎవరూ పెట్టకండి. రెండు ఇప్పటికే తీసేశాను.

గుంటూరు_జీపు
మీ అందరి మాటలూ చదువుతుంటే నా ప్రశ్న కూడా అడగాలనిపించింది. మన దగ్గర ఈ పని చెయ్యొచ్చా? డబ్వాలీ నుంచి ఓపెన్ జీపు తెప్పిస్తామని ఒకాయన చెప్తున్నాడు. పాత విల్లీస్ లాంటి బాడీ, అంతా కొత్తగా చేసి ఇస్తారట. "ఆర్సీ మేమే ఇస్తాం, పాత జీపుది ఉంది" అంటున్నాడు. ధర చూస్తే మనసు లాగుతోంది.

బ్రేకుల_బాబాయి
రవాణా శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, నేను చెప్తాను అబ్బాయ్. మండీ డబ్వాలీ హర్యానా, సిర్సా జిల్లాలో ఉంది. అక్కడి జీపుల పనితనం బాగుంటుంది, కాదనను. గొడవంతా ఆ "పాత జీపుది ఉంది" అన్న మాటలోనే.

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు నీ జీపు ఛాసిస్ మీద ఎలా వస్తుంది? పాత ఛాసిస్‌లో నంబరున్న ముక్క కోసి కొత్తదానికి వెల్డింగ్ చేస్తారు, లేదా కొత్తగా గుద్దుతారు. పైన శర్మ గారు మస్టాంగ్ పలక గురించి చెప్పిన నేరం ఇదే. మా రోజుల్లో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ప్రింట్ తీసేవాళ్ళం. గుద్దిన అంకెల లోతు, వరుస, అంచుల్లో వెల్డింగ్ మరక ఆ కాగితం మీదే తెలిసిపోయేవి. గ్రైండర్ పట్టిన చోట పెన్సిల్ నునుపుగా జారిపోతుంది. అనుభవం ఉన్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వేలితో తడిమే చెప్పేస్తాడు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పుని కొట్టేసి ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

గుంటూరు_జీపు
మరి పానా గారిలా పూర్తిగా కొత్తగా కట్టుకుంటే బాబాయి గారూ? దొంగ నంబరు లేకుండా, నిజాయితీగా?

బ్రేకుల_బాబాయి
అక్కడే నాకూ బాధ. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కి ఫారం 20తో పాటు అమ్మకపు సర్టిఫికెట్ ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. ఫారం 22 ఇవ్వాలంటే ఆ మోడల్‌కి 126వ నిబంధన కింద పరీక్ష పాసవ్వాలి, పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల దగ్గర. కంపెనీలు వేల బళ్ళు అమ్ముకుని ఆ ఖర్చు రాబట్టుకుంటాయి. ఒక్క బండి కట్టుకున్న మనిషికి అది అందే పని కాదు. అమెరికాలో ఉన్నట్టు ఇంట్లో కట్టిన బండికని మన దగ్గర వేరే గడి లేదు. ఉండాలని నేను సర్వీసులో ఉన్నప్పుడూ అనేవాణ్ణి, ఇప్పుడూ అంటున్నాను. ఇంజనీరింగ్ పిల్లలు గో కార్టులు, బజా పోటీల బళ్ళు ఎంత చక్కగా కడతారో చూస్తున్నాం. వాటిని రోడ్డెక్కించే దారి మనం చూపించలేదు.

ఓక్‌లాండ్_ఉష
వింటేజ్ కింద చెయ్యలేరా? 2021లో ఏదో కొత్త రూలు వచ్చినట్టు గుర్తు.

బ్రేకుల_బాబాయి
వచ్చిందమ్మా. 50 ఏళ్ళు దాటిన బళ్ళకు. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. పోలికతో కట్టిన కొత్త బండికి అది వర్తించదు. గుంటూరు అబ్బాయ్, నీకు జీపు మీదే మోజుంటే కంపెనీ ఛాసిస్ చెక్కుచెదరని పాత మహీంద్రా వెతుక్కో. ఆర్సీ, ఎన్ఓసీ, ఫిట్‌నెస్ చూసుకుని కొని, ఉన్న రూపంలోనే బాగు చేయించుకో. ఖర్చు ఎక్కువే, రాత్రి నిద్ర పడుతుంది.

గుంటూరు_జీపు
అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు, ఇవ్వను కూడా. చాలా థ్యాంక్స్ బాబాయి గారూ.

వీ8_వేణు
నాదో ప్రశ్న. పానా అన్న కోబ్రాని విజయవాడకి పంపిస్తే? బెంజి సర్కిల్‌లో ఊహించుకోండి!

బ్రేకుల_బాబాయి
ఊహించుకోవడం వరకే. వాడిన కారు దిగుమతికి మూడేళ్ళ లోపు వయసు, కుడివైపు స్టీరింగ్ ఉండాలి. మిగతా షరతులు వేరే.

ఫ్రీమాంట్_పానా
బెంజి సర్కిల్ సంగతి తర్వాత, ముందు నన్ను ఫ్రీమాంట్ బులేవార్డ్ ఎక్కనివ్వండి. శర్మ గారూ, నేను అర్థం చేసుకున్న వరస చెప్తాను, సరిచెయ్యండి. ముందు డీఎంవీ, కిట్ కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (తయారీదారు ఇచ్చే మూల పత్రం), రశీదులు పట్టుకుని. అక్కడే ఎస్‌బీ 100 నంబరు. తర్వాత లైట్లు, బ్రేకులు చూసే భద్రతా తనిఖీ. తర్వాత రిఫరీ. తర్వాత హైవే పెట్రోల్ విన్ తనిఖీ. మళ్ళీ డీఎంవీ.

శాక్రమెంటో_శర్మ
వరస సరిగ్గా ఉంది. దరఖాస్తు రెగ్ 343, ఎలా కట్టారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ రెగ్ 5036. రాష్ట్రం ఇచ్చే విన్ పలక అవసరమైతే రెగ్ 124, దాన్ని హైవే పెట్రోల్ వాళ్ళే బండికి బిగిస్తారు. ఫారాలు ఇంట్లోనే నింపి తీసుకెళ్ళండి. ఇలాంటి బండి కౌంటర్లో రోజూ వచ్చే కేసు కాదు, కూర్చున్న మనిషికి కొత్తగా ఉండొచ్చు. సూపర్‌వైజరుని మర్యాదగా పిలవమనండి.

పన్ను గురించి ఎవరూ అనలేదు. కిట్ మసాచుసెట్స్ నుంచి వచ్చింది కదా. ఏ రశీదులో సేల్స్ టాక్సు కనపడదో దాని మీద ఇక్కడ యూజ్ టాక్సు కట్టాలి. కట్టినవి, కట్టనివి రెండు దొంతరలు చేసి కూడిక వేసి పెట్టుకోండి, కౌంటర్లో వెతుక్కోకుండా.

టెక్సాస్_బావ
మొదట్లో ఆ 500 జనవరి తొలి రోజే అయిపోయేవని విన్నాను. జనవరి దాకా ఆగాలా?

శాక్రమెంటో_శర్మ
ఆగక్కర్లేదు. ఈ ఏటివి మిగిలి ఉన్నాయో లేదో డీఎంవీని అడిగి, ఉంటే వెంటనే తీసుకోవడమే. అయిపోతే జనవరి మొదటి పనిదినానికి కాగితాలు సిద్ధంగా పెట్టుకోవాలి. నంబరు తీసుకోవడానికి బండి పూర్తయి ఉండక్కర్లేదు, దరఖాస్తు, ఫీజు ఉంటే చాలు.

ఓక్‌లాండ్_ఉష
ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు. మామూలు కారు పాలసీలో కిట్ కారు విలువ ఎలా కట్టాలో వాళ్ళకు తెలియదు. ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే కలెక్టర్ పాలసీ తీసుకో. గ్యారేజీలో ఉండగానే ఇచ్చేవాళ్ళున్నారు. తనిఖీలకు తీసుకెళ్ళేందుకు డీఎంవీలో మూవింగ్ పర్మిట్ అడుగు, లేదంటే ట్రైలర్. ప్లేటు లేకుండా రోడ్డెక్కొద్దు, సందు చివరి దాకా కూడా.

ఫ్రీమాంట్_పానా
కలెక్టర్ పాలసీకి రేపే ఫోన్ చేస్తాను. ఒక్క చిక్కు మిగిలింది. ఇంజను బ్లాకు నంబరు స్టార్టర్ మోటారు పై భాగంలో ఉంది. హెడర్లు (ఇంజను పొగ గొట్టాలు) బిగించేశాక అక్కడికి చూపు పోవడం లేదు. విప్పాలా?

బెల్‌వ్యూ_భాను
విప్పక్కర్లేదు. పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దం, టార్చి చాలు. నంబరు మీద గ్రీజు ఉంటే బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచి, తెల్ల సుద్ద రుద్దు. అంకెలు తేలతాయి. ఫోన్ కెమెరాతో వీడియో తీసి, ప్రింట్ తీసి ఇంజను రశీదుకి పిన్ చెయ్.

శాక్రమెంటో_శర్మ
భాను చెప్పిన పని చేసినా, తనిఖీకి వెళ్ళేముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. ఆఫీసరు చెయ్యి ఆ హెడర్ల మధ్యకి వెళ్తుంది.

వీ8_వేణు
అన్నా, ఫొటో ఇంకా పెట్టలేదు.

ఫ్రీమాంట్_పానా
ఆకుపచ్చ, చారల్లేవు ఉష గారూ. సుద్ద రుద్దాక నంబరు స్పష్టంగా వచ్చింది. డీఎంవీ అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారానికి దొరికింది, జంక్‌యార్డుకి శనివారం పోతున్నా. ఫొటోలు కింద పెడుతున్నా వేణూ.